నెమలిని కాసేపు పక్కన పెట్టండి

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది ఉప్పాడ దగ్గర ఒక పల్లె. నాన్న, పెదనాన్న జామ్దానీ చీరలు నేస్తారు. నేను డిజైనింగులో డిప్లొమా చేసి ఇంటికి వచ్చాను. ఇప్పుడు మా మగ్గాలకు, చుట్టుపక్కల మరికొందరి మగ్గాలకు బుటాలు, అంచులు, కొంగులు గడుల కాగితం మీద గ్రాఫు గీసి ఇస్తున్నాను. షావుకారు ప్రతిసారీ ‘కొత్తది తీసుకురా అమ్మా’ అంటారు. ఫోనులో వెతికి, కొంచెం అటూ ఇటూ మార్చి నెమలో, ఏనుగో గీసుకెళ్తాను. ‘ఇది ప్రింటు చీర మీద చూసిందే కదా’ అని ఆయన పక్కన పెడతారు. ప్రకృతిలోని చిన్న చిన్న వాటి నుంచి ప్రేరణ తీసుకోవాలని చదువుకునే రోజుల్లో మా అధ్యాపకులు చెప్పేవారు. ప్రయత్నించాను. ఆకును చూస్తే ఆకులాగే, చీమను చూస్తే చీమలాగే కనిపిస్తోంది. ఏమీ అనిపించడం లేదు. అరకు, మారేడుమిల్లి లాంటి చోట్లకు వెళ్తే ఏదైనా తడుతుందేమో కానీ, అంత తీరికా డబ్బూ లేవు. మా ఊళ్లో ఉన్నదల్లా ఇసుక, ఉప్పుగాలి, సరుగుడు తోటలు. నాలో అసలు సృజన లేదంటారా?
— ఒక పాఠకురాలు, కాకినాడ జిల్లా

సమాధానం: ఆకును చూస్తే ఆకులాగే కనిపిస్తోందని బాధపడుతున్నారు. దానిలో తప్పేముంది? ఆకును చూడగానే కవిత పొంగాలని, చీమను చూడగానే జీవిత సత్యం బోధపడాలని ఎవరో మన బుర్రల్లోకి ఎక్కించారు. సినిమాల్లో చూపిస్తారు కదా, కథానాయకుడు కొండ అంచున నిలబడి గుండెల నిండా గాలి పీల్చగానే పాట పుట్టేస్తుంది. ఆ పాటకు బాణీ కట్టిన మనిషి ఎన్ని పూటలు హార్మోనియం ముందు తల పట్టుకుని కూర్చున్నాడో చూపించరు. మీ అధ్యాపకులు మంచి మాటే చెప్పారు, కాకపోతే సగంలో ఆపేశారు. చిన్నవాటిని చూడమన్నారు, వాటిలో ఏం చూడాలో చెప్పినట్టు లేదు.

నా సలహా ఇది: బొమ్మను వదిలేసి పద్ధతిని పట్టుకోండి. పువ్వు అందంగా ఉందా లేదా అన్నది మీకు అనవసరం. అది ఎలా అమరింది, ఎక్కడ ఖాళీ వదిలింది, ఏది ఎన్నిసార్లు వస్తోంది, కొస ఎలా ముగిసింది, ఏ రంగు ఎంత పాలు ఉంది, ఇవి చూడండి. ఇవన్నీ గ్రాఫు కాగితం ముందు మీరు రోజూ వేసుకునే ప్రశ్నలే. వాటిని గుమ్మం దాటించి వీధిలోకి తీసుకెళ్లడం ఒక్కటే మిగిలింది.

చెబితే నమ్మకం కుదరదు కాబట్టి ఒక పని చేయండి. చదవడం ఆపి, దేన్నీ చూడకుండా, ఒక గడ్డిపువ్వు గీయండి. మధ్యలో గుండ్రటి బొట్టు, చుట్టూ గుండ్రటి కొసలతో ఎనిమిది రేకులు వచ్చాయా? దాదాపు అందరికీ అవే వస్తాయి. డ్రాయింగు నేర్పిన రోజుల్లో ఏ తరగతిలో అడిగినా నాకు అదే పువ్వు చేతికి వచ్చేది. పలకల మీద, నోటు పుస్తకాల అట్టల మీద, దిండు గలీబుల మీద చూసి చూసి మన చేతులకు అలవాటైపోయిన పువ్వు అది. మీ షావుకారు ‘చూసిందే’ అంటున్నది దాన్నే. ఆయన్ని తప్పుపట్టలేం.

ఇప్పుడు బయటికి వెళ్లి ఒక గడ్డిచామంతి కోసుకురండి. గాయపాకు అని కూడా అంటారు. కొడవలి తగిలి వేలు తెగితే ఆకు నలిపి రసం పిండుతారే, ఆ మొక్క. ఎక్కడో అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చి మన దేశమంతా పాకిన కలుపు ఇది. రోడ్డు అంచున, గోడ పగులులో, రైలు పట్టాల పక్కన, ఎక్కడ చూసినా ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు.

పొడవాటి సన్నని కాడ చివర ఒంటరిగా ఒక్క పువ్వు. చుట్టూ ఉన్న రేకులు లెక్కపెట్టండి. సాధారణంగా అయిదే ఉంటాయి, మీగడ రంగులో. ఒక్కో రేకు కొసను చూడండి. గుండ్రంగా లేదు, మూడు చిన్న పళ్లుగా చీలి ఉంది. రేకుకూ రేకుకూ మధ్య సందు ఉంది, ఒకదాని మీదికి ఒకటి ఎక్కలేదు. నడుమ ఉన్న పసుపు బొట్టును కంటి దగ్గరికి తెచ్చుకోండి. అది కిక్కిరిసిన బుల్లి పువ్వుల గుంపు. బయటి వరస ముందు విచ్చుకుంటుంది, లోపలి వరసలు ఒక్కొక్కటిగా తర్వాత. అందుకే ఆ బొట్టు చుట్టూ గరుకుగానూ మధ్యలో ఇంకా విప్పారని మొగ్గలతో బిగువుగానూ ఉంటుంది.

ఇక గ్రాఫు తీయండి. గుండ్రటి కొసను గడుల్లో కూర్చోబెట్టడం ఎంత చిరాకో నాకంటే మీకే బాగా తెలుసు. ఎంత జాగ్రత్తగా గీసినా మెట్లు పడతాయి, బుటా చిన్నదైతే వంపు చచ్చిపోతుంది. మూడు పళ్ల కొసకు ఆ బాధ లేదు. ఒక గడి నిండు, ఒకటి ఖాళీ, ఒకటి నిండు, ఒకటి ఖాళీ, ఒకటి నిండు. అయిదు గడుల్లో కొస తయారు. రేకుల మధ్య సందుల్లోంచి బుటా వెనకున్న చీర పట్టు తళుక్కుమంటుంది. ఇంకో విశేషం ఉంది. అయిదు రేకులు కాబట్టి కుడి ఎడమలు ఒకదానికొకటి సరిపోతాయి, పైభాగమూ కిందిభాగమూ సరిపోవు. అంటే మీ బుటాకు తల ఏదో, పాదం ఏదో తెలుస్తుంది. ఒక వరస తల పైకి, మరో వరస తల కిందికి పెట్టి చూడండి. ఎనిమిది రేకుల పువ్వును ఎంత తిప్పినా రాని కదలిక చీర ఒంట్లోకి వస్తుంది.

ఇదంతా గోరంత కలుపు పువ్వులో ఉంది. దాన్ని చూసి మీ మనసు పులకరించనక్కర్లేదు. రేకులు లెక్కపెట్టడం వస్తే చాలు.

మన పాత నేతగాళ్లు చేసిందీ ఇదేనని నా నమ్మకం. మల్లెమొగ్గ బుటానే తీసుకోండి. ఘుమఘుమలాడే విచ్చుకున్న మల్లెను వదిలేసి మొగ్గను ఎందుకు పట్టుకున్నారు? మొగ్గకు రెండు ఏటవాలు గీతలు చాలు, మగ్గం వాటిని సులువుగా ఒప్పుకుంటుంది. విచ్చుకున్న మల్లె రేకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దగా తేలతాయి. రుద్రాక్ష అంచులో అచ్చమైన రుద్రాక్ష బొమ్మ ఎక్కడుంది? గింజ పక్కన గింజ వచ్చే క్రమం ఉంది, ఆ గరుకు ఉంది, అంతే. ఆ అంచును మొదట నేసిన మనిషి మెడలోని మాలను చూసి పొంగిపోయాడో లేదో మనకు తెలియదు, వరసను మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు.

మీ ఊళ్లో ఇసుక తప్ప ఏమీ లేదన్నారు కాబట్టి ఇసుక దగ్గరికే వెళ్దాం. సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ చూసుకుని, అలలకు అడ్డంగా రాళ్లు పోయని ఇసుక తీరం ఎక్కడుందో అక్కడికి నడవండి. తడి ఇసుక మీద సన్నటి బొరియలు, వాటి చుట్టూ ఆవగింజంత నుంచి మిరియమంత దాకా ఇసుక ఉండలు కనిపిస్తే ఆగిపోండి. మన తూర్పు తీరంలో చాలాచోట్ల కనిపించే బుల్లి పీతల పని అది. వేలి గోరంత పీత. నీళ్లు తగ్గగానే బొరియలోంచి బయటికి వస్తుంది. ఇసుకను ఎత్తి నోటికి అందించుకుంటుంది, రేణువులకు అంటుకున్న కంటికి ఆనని తిండిని వడగట్టుకుంటుంది, మిగిలిన ఇసుకను ఉండ చేసి పక్కన పడేస్తుంది. అలా తింటూ బొరియ నుంచి దూరంగా ఒక గీతలో పోతుంది, వెనక్కి వచ్చి ఆ పక్కనే మరో గీత మొదలుపెడుతుంది. చూస్తూ ఉండగానే బొరియ నడుమగా, ఉండల వరసలు నలుదిక్కులకూ పరుచుకుంటాయి. పోటు వచ్చిందా, మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ ఆటుకు పీత మళ్లీ మొదలుపెడుతుంది.

నిలబడి చూస్తే చుక్కల చక్రాలు మాత్రమే కనిపిస్తాయి. గొంతుక్కూర్చోండి. మీ నీడ మీద పడినా, మీరు కదిలినా అన్నీ ఒక్కసారిగా లోపలికి దూరిపోతాయి. ఓపిక పట్టండి, మళ్లీ వస్తాయి. అప్పుడు లెక్కలు మొదలుపెట్టండి. బొరియ మూతి దగ్గర ఉండలు ఎంత ఒత్తుగా ఉన్నాయి, దూరం జరిగే కొద్దీ ఎంత ఎడమవుతున్నాయి? కొత్తగా పడ్డ ఉండ ముదురు రంగులో ఉంటుంది, ఆరిన ఉండ తేలిపోయి ఉంటుంది. అంటే ఒకే ఇసుకలో రెండు రంగులు, పీత ఏది ముందు తిన్నదో చెప్పే రంగులు. రెండు బొరియలు దగ్గరదగ్గరగా ఉన్నచోట చక్రం పూర్తి కాదు, సగం తెరిచిన విసనకర్రలా ఆగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఉండల వరసల మధ్య ఒక సన్నటి బాట ఖాళీగా ఉంటుంది. పైనుంచి పక్షి వాలితే పీత ఒక్క ఉరుకులో బొరియ చేరాలి. ఆ దారిలో ఉండ పడనివ్వదు. ఈ బాట లేకపోతే అది మామూలు చుక్కల చక్రం, ఏ ముగ్గుల పుస్తకంలోనైనా దొరుకుతుంది. చుట్టూ నిండుగా ఉన్నచోట ఆ ఒక్క ఖాళీ గీత కన్నును లోపలికి లాక్కెళ్తుంది. బుటా గీసేటప్పుడు దాన్ని మాత్రం పూడ్చకండి. చూడటానికి వెలితిగా ఉందని మీ చేతికి దురద పుడుతుంది, ఒక చుక్క వేసేద్దామనిపిస్తుంది. వేయకండి.

ఇక్కడ మీ నాన్నగారిని పిలవాలి. విడివిడి చుక్కలంటే కాగితం మీద ఎంత సులువో మగ్గం మీద అంత కష్టం. చుక్క చుక్కకూ దారం చేత్తో అందించాలి. గ్రాఫు పూర్తయ్యాక చూపించడం కాక, పెన్సిలు దశలోనే ఆయన పక్కన కూర్చోండి. ‘ఈ చుక్క ఇంకొక్క గడి ఇవతలికి జరిగితే ఒకే దారంతో పోతుంది’ అని ఆయన అంటారు. ఒప్పుకోవచ్చు అనిపిస్తే ఒప్పుకోండి, ఖాళీ బాటకు దెబ్బ తగులుతుంటే వాదించండి. ప్రకృతి నుంచి తెచ్చిన పద్ధతి, మగ్గం పెట్టే షరతు ఈ రెండూ ఢీకొన్న చోటే మీదంటూ ఒక రూపం పుడుతుంది. ఒంటరిగా గదిలో కూర్చుని గీసిన దానికి ఆ రాపిడి దొరకదు.

మీరు నేత ఇంట్లో పుట్టినందుకు మిగతావాళ్లకు కనిపించనివి మీకు కనిపించాలి. మామిడి తోటల్లో ఆకుల గూళ్లు కట్టే ఎర్రచీమలను చూసే ఉంటారు, కుట్టించుకునీ ఉంటారు. వాటి గూడు ఎలా తయారవుతుందో తెలుసా? కొన్ని చీమలు రెండు ఆకుల అంచులను కాళ్లతో, నోటితో పట్టి దగ్గరికి లాగుతాయి. ఇంకొన్ని తమ పిల్ల పురుగులను నోట కరుచుకుని వస్తాయి. ఆ పిల్ల నోటి నుంచి పట్టుదారం వస్తుంది. దాన్ని ఈ ఆకుకూ ఆ ఆకుకూ తాకిస్తూ అటూ ఇటూ తిప్పుతాయి. మీ ఇంట్లో మగ్గం మీద అటూ ఇటూ దారం మోసే నాడె చేసే పని అక్కడ ప్రాణమున్న పిల్ల చేస్తోంది. నాలాంటి మనిషి దాన్ని చూసి ‘అబ్బ’ అని ఊరుకుంటుంది. మీరైతే అతుకు దగ్గర తెల్లటి పట్టు ఎంత మందంగా పడింది, ఎక్కడ పలచబడింది, పచ్చటి ఆకు మీద ఆ తెలుపు ఎలా తేలుతోంది అని చూడగలరు. ఒంటికీ అంచుకూ మధ్య వచ్చే సన్నటి గీతను ఎప్పుడూ జరీతోనే ఎందుకు ఇవ్వాలి అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. గూడును మాత్రం దూరం నుంచి చూడండి, కోయకండి. అవి ఊరుకోవు.

రంగుల సంగతి వేరే చెప్పాలి. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని మన వాళ్లు వేళాకోళం చేస్తారు. నాకు ఆ గింజ మీద జాలి. ఆ నలుపే లేకపోతే ఎరుపు అంతగా మండేది కాదు. మూడొంతులు చేస్తే రెండొంతుల ఎరుపు, ఒక వంతు నలుపు, సుమారుగా అంతే. సగం సగం ఉంటే ఇంత బాగుండేది కాదు. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచడానికి వాడిన గింజ ఇది. ఎరుపు చీరకు నల్ల అంచు ఎంత వెడల్పు ఉండాలన్న సందేహం వచ్చినప్పుడు చేతిలో ఒక గింజ పెట్టుకుని చూడండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే మాత్రం జాగ్రత్త. ఆ గింజ లోపల ఉన్నది పచ్చి విషం, నమిలితే ప్రాణం మీదికి వస్తుంది.

రంగు ఎంత ఉండాలో గురివింద చెబితే, ఎక్కడ దాచాలో పాలపిట్ట చెబుతుంది. దసరా నాడు దర్శనం కోసం పొలాల వెంట వెతుకుతాం కానీ, మామూలు రోజుల్లో అది కరెంటు తీగ మీద కూర్చుని ఉంటే సగం మంది గుర్తుపట్టరు. కూర్చున్నప్పుడు వీపు మట్టి రంగు, రొమ్ము ఒకలాంటి పలచటి గోధుమ ఊదా. ఏ విశేషమూ లేని పిట్ట. ఎగిరిందా, రెక్కల్లో లేత నీలం, ముదురు నీలం పట్టీలు పట్టీలుగా విచ్చుకుంటాయి. దాని నీలంలో రంగు పదార్థం లేదు, ఈక లోపలి సూక్ష్మమైన నిర్మాణం వెలుగును విరిచి చూపే నీలం అది. ఆ సంగతి అలా ఉంచి, చీర గురించి ఆలోచించండి. చీర కూడా కూర్చున్నప్పుడు ఒకటి, నడిచినప్పుడు ఒకటి. కుచ్చిళ్ల మడతల్లో దాగి, అడుగు వేసినప్పుడు మాత్రమే కనిపించే చోట నీలం పెడితే? ఒళ్లంతా మట్టి రంగు ఉంచి, కొంగు భుజం మీద నుంచి జారినప్పుడే పట్టీలు బయటపడితే? దుకాణంలో పరిచిన చీరలో ఈ చమత్కారం కనిపించదు, కట్టి చూపించాలి. ఇక్కడ పాలపిట్ట బొమ్మ ఒక్కటి కూడా గీయలేదని గమనించారా?

పద్ధతిని పట్టుకోవడం చేతిపని వాళ్లకే పరిమితమైన కిటుకు కాదు. కాళిదాసు మబ్బును దూతగా పంపాడు. హంసలను, చిలకలను పంపిన కవులు ఎందరో. 1941లో జాషువ తన కావ్యానికి గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. మన వాళ్లు అపశకునమని తరిమే ప్రాణి అది. ఎందుకు ఎంచుకున్నాడు? ఆయన కావ్యంలో మాట్లాడే మనిషిని గుడి గడప తొక్కనివ్వరు. గబ్బిలానికి ఆ అడ్డు లేదు. నేరుగా గర్భగుడిలోకి వెళ్లి, శివుడి చెవికి దగ్గరగా వేలాడుతుంది, పూజారి లేని వేళ చూసి కబురు చెప్పగలదు. గబ్బిలం ఎలా ఉంటుందన్నది కాదు, ఎక్కడ వేలాడుతుందన్నది ఆయన చూశాడు. ఆ చిన్న గమనిక మీద కావ్యం మొత్తం నిలబడింది. హంసను పంపి ఉంటే ఆ కావ్యమే లేదు.

మీ చదువులో విలియం మారిస్ పేరు వినే ఉంటారు. ఇంగ్లండులో 1883లో ఆయన వేసిన అద్దకపు డిజైన్లలో ఈనాటికీ చాలామంది మెచ్చేది స్ట్రాబెర్రీలు దొంగిలించే పిట్టలది. అవి ఏ దూరదేశపు పక్షులూ కావు, ఆయన కెల్మ్‌స్కాట్ ఇంటి తోటలో పండ్లు ఎత్తుకుపోయే సాదాసీదా పిట్టలు. నీలిమందు రంగు వేసి, కావలసిన చోట ఆ నీలాన్ని తీసేసే కష్టమైన పద్ధతిలో అద్దించాడు. ఆయన చేసింది మనకు నమూనాగా పనికిరాదు, మన నేల వేరు, మన మగ్గం వేరు. కానీ పెరట్లో దొంగతనం చేసే పిట్టను తరమడానికి బదులు గీయవచ్చని గుర్తుంచుకోండి.

ఫోను మానేయమని నేను చెప్పను. కానీ ఫోనులో మీరు చూసే ఆకును అప్పటికే ఇంకెవరో చూసి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చేశారు. మీ వంతుకు మిగిలింది ఆ తేల్చినదాన్ని అటూ ఇటూ జరపడమే. షావుకారి కన్ను పట్టేసింది దాన్నే. ఫొటో తీసుకోండి, తప్పులేదు, పెన్సిలుతో గీసిన తర్వాత తీసుకోండి. ముందే తీస్తే ‘తర్వాత చూసుకుందాం’ అనిపిస్తుంది, ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

అరకు వెళ్లలేకపోయినందుకు విచారించకండి. వెళ్లిన చోట లోయను చూస్తాం, మబ్బులను చూస్తాం, కాఫీ తాగి వచ్చేస్తాం. అక్కడి ఒక్క గడ్డిపరకను కూడా రెండోసారి చూసే తీరిక ఉండదు. వీధిలోని గడ్డిచామంతి రేపు కూడా ఉంటుంది, ఎల్లుండి కాయ ముదిరి, ప్రతి గింజకూ ఈకల్లాంటి తోకతో విచ్చుకుంటుంది, అది పూర్తిగా వేరే బుటా. ఒకే మొక్కను వారం పాటు రోజూ గీయండి. మొదటి ఒకటి రెండు రోజులు మీ చేయి పాత పువ్వునే గీస్తుంది, దాన్ని అడ్డుకోకండి, గీసేసి పారేయండి. పైనుంచి గీయండి, పక్క నుంచి, అడుగు నుంచి గీయండి. మన డిజైన్లలో పువ్వులన్నీ పైనుంచి చూసినవే ఎందుకుంటాయో నాకు ఎప్పటికీ అర్థం కాదు, పువ్వు వెనక భాగం, ఆకుపచ్చ గిన్నెలోంచి రేకులు బయలుదేరే చోటు, అంత బాగుంటుంది. పక్కన మాటల్లో రాసుకోండి: ‘రేకు పొడవు సందుకు రెండింతలు’, ‘కాడ మీద నూగు, వెలుగు పక్క నుంచి పడితేనే కనిపిస్తుంది’. ఎండ నెత్తి మీదికి రాకముందు చూడండి. పక్క వెలుగులోనే చిన్నవాటి గరుకు, గుంటలు తెలుస్తాయి. రాత్రి పుస్తకం మూసేసి గుర్తున్నది గీయండి. గుర్తు లేనిది పోతుంది, పోనివ్వండి. మిగిలిందే బుటాకు కావలసింది.

‘నాలో సృజన లేదా’ అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పను, అది ఇంకా అడగవలసిన ప్రశ్న కాదు. మీరు ఇంతవరకు ఆకును చూసి ఏదైనా అనిపిస్తుందేమో అని ఎదురుచూశారు. గీయడం మొదలుపెట్టాక అనిపించేవి వేరు. రేకు కొసలో మూడు పళ్లు కనిపించిన రోజు రాత్రి మీకు వద్దన్నా నాలుగు ఆలోచనలు వస్తాయి. వాటిలో మూడు పనికిరావు. ఫర్వాలేదు.

చివరగా షావుకారు సంగతి. ఆయన కొత్తది అడుగుతారు కానీ మరీ కొత్తదైతే భయపడతారు, ఆయన పెట్టుబడి ఆయనది. చీర మొత్తం మార్చేసిన గ్రాఫు మొదటిసారే ముందు పెట్టకండి. అలవాటైన అంచు అలాగే ఉంచి, ఒంటి మీద మాత్రం మీ బుటా వేయండి. వీలైతే ముందు ఒక జాకెట్టు ముక్కంత నేయించి చేతికి ఇవ్వండి, కాగితం చూసి తేల్చలేనిది బట్ట తాకితే తేలుతుంది. ఇది ఏమిటని అడిగితే పీత అని మాత్రం అనకండి, పెళ్లి చీరల వ్యాపారం చేసే మనిషి బెదిరిపోతారు. ఆటుపోటు బుటా అనండి, మీ ఊరి పేరు కలపండి, కొనేవాళ్లకు చెప్పుకోవడానికి ఆయనకూ ఒక కథ దొరుకుతుంది. ఇంకొక మాట. ఫోనులో చూసి మార్చిన డిజైనుకు ఇచ్చినంతే దీనికీ ఇస్తానంటే ఒప్పుకోకండి. సొంతంగా గీసిన గ్రాఫుకు కూలి విడిగా మాట్లాడుకుని, ఆ తర్వాతే కాగితం ఆయన చేతిలో పెట్టండి.